పరదేశములు మన ముంగిటికి వచ్చుటెట్లు? – సమాచార సాంకేతిక రంగముపై ఒక పరిశీలన

పలాస–కాశీబుగ్గలోని జీడిపప్పు వ్యాపారిని "ఏ రకము?" అని అడిగినచో గుండు, బద్ద, ముక్క అని చెప్పి, ఆ వెనుక ఒక అంకె చెప్పును. 180, 210, 240, 320 అనునవి ఆ అంకెలు. ఒక పౌను తూకమునకు ఎన్ని గుండు పప్పులు తూగునో ఆ అంకె తెలుపును. 180 అనిన పప్పు పెద్దది, 320 అనిన చిన్నది. ఈ లెక్క పలాసలో ఎట్లో వియత్నాములోను, బ్రెజిలులోను అట్లే. ఐరోపాలో కొనువాడు పలాసను చూచియుండడు, పప్పు ఒలిచిన చేతులను ఎరుగడు. ఆ అంకెను నమ్మి ధర చెల్లించును. సరకు చేతికి రాకముందే దానిని గూర్చి చెప్పబడిన మాట నమ్మదగినదైన నాడే దూరదేశపు బేరము కుదురును.

ఈ వ్యాసమున మేము జీడిపప్పును గూర్చి వ్రాయబూనలేదు. నేడు మన విద్యార్థులలో అధికభాగము ఏ రంగమునందు కొలువు కోరుచున్నారో, ఆ సమాచార సాంకేతిక రంగమును గూర్చి వ్రాయుచున్నాము. ఆ రంగమునకు దేశదేశములను ఆకర్షించు గుణము ఎక్కడినుండి వచ్చుచున్నది? చల్లని అద్దాల మేడలవలననా, చవుక జీతములవలననా, ఉచితముగ నిచ్చు భూములవలననా? మా పరిశీలనలో తేలినది వేరు. జీడిపప్పు అంకె చెప్పు సంగతియే అచ్చట కూడ పనిచేయుచున్నది. దానిని చూపుటకు మూడు స్థలములను పరిశీలింతుము. ఒకటి ఐరోపాలోని ఎస్టోనియా, రెండవది హైదరాబాదు, మూడవది విశాఖపట్టణము. ఆ వెనుక టెక్కలి, పలాస, ఉద్దానముల సంగతి చూడవలెను.

ముందుగ ఈ రంగమున అమ్ముడుపోవు వస్తువేదో తెలియవలెను. చాల వరకు అమ్ముడుపోవునది మనుష్యుల పని. అమెరికాలోని బ్యాంకు లెక్కలను, భీమా సంస్థ దస్త్రములను నడుపు సాఫ్ట్‌వేర్‌ను మనవారు ఇచ్చట కూర్చుండి వ్రాయుదురు, సరిదిద్దుదురు. కొంత భాగము తయారైన సాఫ్ట్‌వేర్. ఒకసారి వ్రాసి వేయిమందికి అమ్మవచ్చును. ఇటీవల మూడవది బయలుదేరినది. దేశదేశముల సమాచారమును దాచు యంత్రములకు చోటు, విద్యుత్తు, చల్లదనము సమకూర్చుట. దీనినే డేటా సెంటర్ అందురు. మూటిలో ఏది అమ్మినను, కొనువాడు తన గుట్టును పరాయివాని చేతిలో పెట్టుచున్నాడని మరువరాదు.

బాల్టిక్ సముద్రతీరముననున్న ఎస్టోనియా జనసంఖ్య సుమారు పదమూడున్నర లక్షలు. 2011 లెక్కలలో ఉమ్మడి శ్రీకాకుళము జిల్లా జనసంఖ్యయే 27 లక్షలు. అనగా ఆ దేశపు ప్రజలందరు కలిసి మన పాత జిల్లాలో సగము. 1991 ఆగస్టు 20న సోవియట్ పాలననుండి విడివడినపుడు వారివద్ద ధనము లేదు. చమురు బావులు లేవు. ఒక్క సదుపాయము మాత్రము కలదు. 1960లో టాలిన్ నగరమున స్థాపింపబడిన సైబర్నెటిక్స్ పరిశోధనాలయము వలన గణితము, కంప్యూటరు తెలిసిన ఒక తరము తయారైయుండినది. 1996లో నాటి అధ్యక్షుడు లెన్నార్ట్ మెరి "పులి దూకుడు" అను అర్థము వచ్చు పేరుతో ఒక పథకమును ప్రకటించెను. ప్రతి పాఠశాలకు కంప్యూటరులు, ఇంటర్నెట్ చేర్చుట, ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుట ఆ పథకపు సారము. కార్యాలయములకంటె ముందు బడులను పట్టుకొనుటలో ఆ దేశపు దూరదృష్టి యున్నదని మా అభిప్రాయము.

ఆ తరువాత జరిగినదే అసలు విశేషము. 2000లో చట్టము ద్వారా కంప్యూటరుపై చేయు సంతకమునకు చేవ్రాలుతో సమానమైన విలువ నిచ్చిరి. 2001లో ఎక్స్-రోడ్ అను ఏర్పాటు వచ్చినది. 2002లో ప్రతి పౌరునకు చిప్ గల గుర్తింపు కార్డు నిచ్చిరి. వీనిలో ఎక్స్-రోడ్‌ను విద్యార్థులు శ్రద్ధతో గమనింపవలెను. దేశపు సమాచారమంతయు ఒకే గిడ్డంగిలో పోయుట దాని పద్ధతి కాదు. జనన మరణముల కార్యాలయము తన పుస్తకమును తానే ఉంచుకొనును, భూముల కార్యాలయము తనది తాను, వైద్యశాల తనది తాను. ఒకరికి మరియొకరి పుస్తకములోని ఒక్క పంక్తి కావలసినపుడు చట్టము అనుమతించిన మేరకు భద్రమైన మార్గమున అడిగి తెచ్చుకొందురు. ఎవరు, ఎప్పుడు, దేనిని చూచినది నమోదగుచుండును. తన దస్త్రమును ఎవరు తెరచినారో పౌరుడు తానే చూచుకొనవచ్చును. ఒకసారి ప్రభుత్వమునకు ఇచ్చిన వివరమును మరల అడుగరాదనునది వారి నియమము. మనవద్ద ఒక్క ధ్రువపత్రమునకై నాలుగు జిరాక్సు కాగితములు, రెండు ఫొటోలు పట్టుకొని మండల కార్యాలయము చుట్టు తిరిగినవారికి ఈ నియమపు విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

2005లో స్థానిక ఎన్నికలయందు ఇంటర్నెట్ ద్వారా ఓటు వేయు పద్ధతిని వారు ప్రవేశపెట్టిరి. 2023 పార్లమెంటు ఎన్నికలలో సగమునకు మించిన ఓట్లు ఆ మార్గముననే పడినవి. ఈ పద్ధతి భద్రతపై పండితులలో వాదములు నేటికిని కలవు. మన దేశమున దీనిని అనుకరింపవలెనని మేము అనుట లేదు.

నమ్మకమునకు పరీక్ష కష్టకాలముననే వచ్చును. 2007 ఏప్రిల్, మే మాసములలో, సోవియట్ కాలపు సైనిక స్మారక విగ్రహమును తరలించిన తగవు నడుమ, ఆ దేశపు బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ కార్యాలయముల కంప్యూటరులపై వెలుపలినుండి పెద్దయెత్తున దాడి జరిగినది. మరుసటి సంవత్సరమే, అనగా 2008లో, నాటో కూటమికి సంబంధించిన సైబర్ రక్షణ అధ్యయన కేంద్రము టాలిన్‌లో వెలసినది. 2017లో మరియొక చిక్కు వచ్చినది. సుమారు ఏడున్నర లక్షల గుర్తింపు కార్డుల చిప్‌లో లోపమున్నదని పరిశోధకులు కనుగొనిరి. ప్రభుత్వము దానిని దాచలేదు. బహిరంగముగ ప్రకటించి, ఆ కార్డుల ధ్రువీకరణములను నిలిపివేసి, క్రొత్తవానిని జారీచేసినది. లోపము బయటపడినపుడు అధికారి ఏమి చేయుననుట చూచియే పొరుగువాడు లోపము లేని రోజులను కూడ నమ్మును.

పరదేశముల రాక దీని వెంట వచ్చినది. 2003లో స్వీడన్, డెన్మార్కు దేశీయులిరువురు స్థాపించిన స్కైప్‌నకు అసలు సాఫ్ట్‌వేర్‌ను వ్రాసినది ఎస్టోనియా యువకులు. 2005లో ఈబే సంస్థ దానిని సుమారు 260 కోట్ల డాలర్లకు కొన్నది. 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లకు కొన్నది. 2025 మే నెలలో స్కైప్ మూతపడినది కాని, అందు పనిచేసి ధనము, అనుభవము గడించినవారు అంతకు చాల ముందే క్రొత్త సంస్థలు పెట్టుకొనిరి. దేశాంతరములకు ధనము పంపు వైజ్ అట్టిదే, 2011లో ప్రారంభమైనది. 2014 డిసెంబరు 1 నుండి ఎస్టోనియా ఇతర దేశస్థులకు కూడ డిజిటల్ గుర్తింపు నిచ్చుచున్నది. ఆ దేశమున అడుగుపెట్టకయే ఒకడు అచ్చట సంస్థను నమోదు చేసికొని నడుపవచ్చును. అట్లు పొందినవారు లక్షకు మించిరి. ఇది పౌరసత్వము కాదు, నివాసహక్కును కాదు. ఎస్టోనియా అమ్ముచున్నది తన కార్యాలయముల నమ్మకమునే.

ఇక మన ముంగిటి కథ. హైదరాబాదునకు కంప్యూటరు 1998లో వచ్చినదని పలువురు తలతురు. అది సరికాదు. 1967లో అణుశక్తి శాఖ క్రింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్., హైదరాబాదున స్థాపింపబడినది. దానికి మూలపురుషుడు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు; పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామములో జన్మించినవారు. టి.డి.సి-12 అను స్వదేశీ కంప్యూటరు 1969లో ఆ సంస్థనుండియే వెలువడినది. 1978లో ఐ.బి.ఎం. సంస్థ మన దేశమును విడిచిపోయినపుడు దాని యంత్రముల నిర్వహణను చేపట్టినది సి.ఎం.సి. అను ప్రభుత్వ సంస్థ. ఢిల్లీలో 1985–86లో రైలు రిజర్వేషనును కంప్యూటరుపైకి తెచ్చినదియు ఆ సంస్థయే. పలాస స్టేషనులో నేడు మనము క్షణములో పొందు టికెట్టునకు మూలము ఆ పనిలో నున్నది. దానికి తోడు రక్షణ పరిశోధనశాలలు, ఉస్మానియా విశ్వవిద్యాలయము, ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలు. ఎస్టోనియాకు సైబర్నెటిక్స్ పరిశోధనాలయము ఎట్లో హైదరాబాదునకు ఈ ప్రభుత్వ సంస్థలు అట్లు. పంట కోతకు ముప్పదియేండ్లు ముందే విత్తు పడినది. ఈ ముప్పదియేండ్ల ముచ్చటను నేటి ఉపన్యాసములలో ఎవరును చెప్పకపోవుట మాకు వింతగ తోచును.

1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా అను సంస్థ ఏర్పడి, ఉపగ్రహ సంబంధమును చిన్న సంస్థలకు కూడ అందుబాటులోనికి తెచ్చినది. 1987లో ప్రారంభమైన సత్యం కంప్యూటర్స్ 1991లో అమెరికాలోని జాన్ డీర్ అను ట్రాక్టరుల సంస్థ పనిని సంపాదించినది. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరున సైబర్ టవర్స్‌ను ప్రారంభించిరి. అదే సంవత్సరము మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రమును హైదరాబాదున తెరచినది, అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ గచ్చిబౌలిలో మొదలైనది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ స్వయముగ వచ్చి చూచెను. నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రపంచమంతయు తిరిగి సంస్థలను పిలిచిన మాట నిజము. పిలిచిన పిలుపునకు వచ్చినవారు ఇచ్చట నిలిచినది మాత్రము పనిచేయు చేతులు వేలకొలది దొరకినందున. 2000 సంవత్సరపు తేదీల చిక్కును సరిచేయుటకు ప్రపంచమున ప్రోగ్రామరులకు కరవు వచ్చినది. మన ఇంజనీరింగు కళాశాలలు ఆ కరవును తీర్చినవి.

2009 జనవరి 7న సత్యం సంస్థ అధిపతి తన సంస్థ లెక్కలు కల్పితములని స్వయముగ లేఖ వ్రాసెను. వేల కోట్ల రూపాయల నిల్వ కాగితముపై మాత్రమే యున్నదని తేలినది. ఆ సంస్థలో నిజాయితీగ పనిచేయు ఉద్యోగులు అర్ధలక్షకు తక్కువ లేరు. వారి పనిలో దోషము లేదు. లెక్క పుస్తకములోని అంకె అబద్ధమైనందున అందరి కొలువు ఊగిసలాడినది. ప్రభుత్వము పాలకమండలిని మార్చి, కొలది నెలలలో టెక్ మహీంద్రా చేతికి అప్పగించుటచే పని నిలబడినది. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఈ ఉదంతమును పాఠముగ చదువవలెను. 320 అని చెప్పి పొడి ముక్కలను మూటగట్టిన వ్యాపారి గతి ఏమగునో పలాసలో అందరకు తెలిసినదే.

2014 జూన్ 2న రాష్ట్రము రెండైనది. హైదరాబాదు తెలంగాణకు వెళ్లినది. 2013–14లో అచ్చటినుండి సాఫ్ట్‌వేర్ ఎగుమతులు 57,258 కోట్ల రూపాయలు. 2022–23లో 2,41,275 కోట్లు. ఉద్యోగుల సంఖ్య తొమ్మిది లక్షలు దాటినది. ఇందులో శ్రీకాకుళము బిడ్డల చెమట ఎంతయున్నదో లెక్క ఎవరు కట్టగలరు? రాత్రివేళ పలాస స్టేషనులోను, కాశీబుగ్గ బస్ స్టాండులోను సంక్రాంతి మరునాటి సందడిని చూచినవారికి కొంత తెలియును.

విభజన పిమ్మట ఆంధ్రప్రదేశ్ విశాఖవైపు చూచినది. మధురవాడ, ఋషికొండ గుట్టలపై సాఫ్ట్‌వేర్ సంస్థలకు అంతకు ముందే స్థలము లిచ్చియుండిరి. అయినను హైదరాబాదులో వలె గుంపు కట్టలేదు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ తన కేంద్రమును విశాఖలో తెరచినది. 2025 ఏప్రిల్‌లో టి.సి.ఎస్. సంస్థకు 21.16 ఎకరములను 99 పైసల నామమాత్రపు ధరకు ఇచ్చుటకు రాష్ట్ర మంత్రివర్గము అంగీకరించినది. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో కృత్రిమ మేధకు సంబంధించిన పెద్ద డేటా కేంద్రమును నెలకొల్పుదునని, ఐదేండ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతునని ప్రకటించినది. సముద్రము అడుగుననుండి వచ్చు కేబులును అచ్చట తీరమునకు చేర్చుట కూడ ఆ ప్రకటనలో భాగము.

ఈ వార్తకు సంతసింపవలసినదే. అయినను కళాశాల విద్యార్థి దీనిని కొంచెము నిదానముగ చదువవలెను. డేటా కేంద్రమునకు విద్యుత్తు, నీరు మిక్కుటముగ కావలెను. మనుష్యులు తక్కువ చాలుదురు. కట్టునపుడు వేలమంది, నడుపునపుడు వందలమంది. దాని చుట్టు పెరుగు పనులే కొలువులను కల్పించును. ఆ పనులు పెరుగుట పెరుగకుండుట చుట్టుపట్ల జిల్లాలలోని కళాశాలల తీరుపై ఆధారపడియుండును. 99 పైసల భూమి సంస్థను రప్పించును. కాని రేపు మరియొక రాష్ట్రము 98 పైసలకు ఇచ్చినచో?

టెక్కలి సమీపమున తేలినీలాపురమున్నది. ప్రతి సంవత్సరము శీతకాలమునకు ముందు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అచ్చటి చింతచెట్లపైకి వచ్చి గూళ్లు కట్టుకొనును. సైబీరియానుండి వచ్చునని వాడుక. గ్రామస్థులు వానిని తరుమరు, పండుగకు టపాసులు కాల్చుటకు కూడ వెనుదీయుదురు. చుట్టు చెరువులలో చేపలున్నవి, చెట్లకు నీడయున్నది. విదేశీ అతిథులను గూర్చి వ్రాయుచు వీనిని విడుచుట న్యాయము కాదని ఈ నాలుగు మాటలు.

ఇక మన తీరమున నున్నదేమి? టెక్కలిలో 2001నుండి ఇంజనీరింగు కళాశాల కలదు. ఎచ్చెర్ల మండలమున రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు శ్రీకాకుళము ప్రాంగణము 2016లో ఏర్పడినది. హౌరా–చెన్నై రైలుమార్గము, 16వ నంబరు జాతీయ రహదారి మన నడుమనుండి పోవుచున్నవి. సంతబొమ్మాళి మండలము మూలపేటలో ఓడరేవునకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగినది. దారులకు కొదువ లేదు. ఆ దారుల వెంట మనుష్యులు వెళ్లిపోవుచున్నారు, పని మాత్రము ఇటు వచ్చుట లేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన తీరమునే తాకినది. ఉద్దానమున కొబ్బరి, జీడి, పనస తోటలు ఒక్క రాత్రిలో నేలగూలినవి. విద్యుత్తు స్తంభములు, సెల్ టవరులు పడిపోయి దినములకొలది లోకముతో సంబంధము తెగినది. పరిహారమునకు చెట్లను లెక్కించు వేళ ఎవరి తోట ఎంత, ఎన్ని చెట్లు, ఏ వయసువి అని అడుగగా పుస్తకములలోని అంకెకు నేలమీది చెట్టునకు పొత్తు కుదురుట కష్టమైనది. కౌలుకు చేయువాని పేరు పుస్తకములో ఉండదు గదా. ఉద్దానమునకు సమాచార సాంకేతికము మొదట కావలసినది ఇట్టిచోటనే.

దీనికంటె బరువైనది మూత్రపిండముల వ్యాధి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో ఈ వ్యాధి సోకని బంధువర్గము అరుదు. టెక్కలి, పలాస, సోంపేట, కవిటి మొదలగు చోట్ల డయాలిసిస్ కేంద్రములు వెలసినవి. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల వైద్యశాల ప్రారంభింపబడినవి. హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా త్రాగునీరు తెచ్చు పథకమును అదే దినమున ప్రారంభించిరి. వ్యాధికి మూలకారణము ఏదియో శాస్త్రజ్ఞులు ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. ఇట్టి వ్యాధియే శ్రీలంక ఉత్తర మధ్య పరగణాలోను, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశముల చెరకు తోటలలోను పేదలను పీడించుచున్నది. అందువలన ఉద్దానము పేరు ప్రపంచ వైద్యపత్రికలలోనికి ఎక్కినది. పరదేశముల చూపు పడుట అన్నది మనకు ఇదివరకే, మనము కోరని రీతిలో జరిగినది.

ఈ వ్యాధి గుట్టు విప్పుటకు కావలసినదేమి? ఒకే మనిషిని ఏండ్ల తరబడి గమనించిన లెక్క. ఏ బావినీరు త్రాగినాడు, ఎండలో ఎన్ని గంటలు పనిచేసినాడు, నొప్పులకు ఏ మాత్రలు మింగినాడు, రక్తములో క్రియాటినిన్ ఏ సంవత్సరము ఎంత? నేడు ఈ వివరములు రోగి చేతిలోని ప్లాస్టిక్ సంచిలో నున్నవి. శ్రీకాకుళములో ఒక కాగితము, విశాఖ కె.జి.హెచ్.లో ఒకటి, బరంపురములో ఒకటి. సంచి తడిసిన నాడు చరిత్ర తుడిచిపెట్టుకొని పోవును. ఎస్టోనియాలో 2008నుండి ప్రతి రోగి చరిత్రయు దేశమంతటికి ఒక్క మార్గమున అందును. 2010నుండి మందుల చీటి కూడ కంప్యూటరుపైననే. 2000లో ప్రత్యేక చట్టము చేసి, ప్రజల సమ్మతితో రక్తనమూనాలను సేకరించుట మొదలిడిరి. నేడు రెండు లక్షలకు పైగా పౌరుల నమూనాలు అచ్చట భద్రముగ నున్నవి, వయోజనులలో అది సుమారు ఐదవ వంతు. ప్రపంచపు శాస్త్రజ్ఞులు దానికై టాలిన్, టార్టు నగరముల వెంట పడుచున్నారు.

మన దేశమున 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వచ్చినది, 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. పైకప్పు వేయబడినదన్నమాట. గోడలు లేవవలెను. ఉద్దానములోని ప్రతి రోగి చరిత్ర ఒక క్రమమున, అతని సమ్మతితో, అతని పేరు బయటపడకుండ భద్రపరుపబడినచో, పలాసలో ఈ పనికే వందలమంది చదువుకొన్న యువతీయువకులు కావలెను. వారు వ్రాయు లెక్క నమ్మదగినదైనచో కొలంబోనుండియు, లండన్‌నుండియు పరిశోధకులు ఆ లెక్కకై వత్తురు. ఇది గూగుల్ రాకవంటి గొప్ప వార్త కాకపోవచ్చును. కాని ఆ పనిని పలాసకు తప్ప వేరొక ఊరికి తరలించుట ఎవరికిని సాధ్యము కాదు.

ఇదే సందర్భమున భాషను గూర్చి చెప్పవలెను. ఎస్టోనియా భాష మాట్లాడువారు సుమారు పదకొండు లక్షలే. అయినను అచ్చటి ప్రభుత్వ సేవలన్నియు మొదట ఆ భాషలోనే నడచును. 2011 లెక్కల ప్రకారము మన దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లు, ఉర్దూ గలవారు 5.07 కోట్లు. తెలుగు అక్షరములకు 1991లో యూనికోడ్‌లో చోటు దక్కినది. అంతర్జాలపు తొలిదినములలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయపు తెలుగు విద్యార్థులు ఆంగ్ల లిపిలో తెలుగును వ్రాయు ఒక పద్ధతిని కల్పించిరి. నేటికిని పలువురు కీబోర్డుపై తెలుగు వ్రాయు తీరు దాని సంతతియే. ఉర్దూకు కష్టము మరింత ఎక్కువ. నస్తాలీఖ్ వ్రాతలో పదము కుడినుండి ఎడమకు జారుచు క్రిందికి దిగును, ప్రక్క అక్షరమును బట్టి ప్రతి అక్షరపు ఆకారము మారును. అందుచే ఉర్దూ పత్రికలను చాలకాలము కాతిబులు చేతితోనే వ్రాసిరి. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేలకొలది అక్షరసంపుటములను గీసి నూరీ నస్తాలీఖ్‌ను యంత్రమునకు ఎక్కించినపుడు ఆ శ్రమ తగ్గినది.

నేటి కృత్రిమ మేధ యంత్రములకు భాష నేర్పుటకు సరియైన పాఠము కావలెను. భారత ప్రభుత్వము 2022లో భాషిణి అను పథకమును ఆరంభించినది. ఉద్దానపు రైతు తన యాసలో చెప్పిన మాటను, వన్‌టౌనులోని ఉర్దూ మాట్లాడు ముదుసలి తన రోగమును చెప్పుకొన్న మాటను యంత్రము తప్పుగ గ్రహించినదో లేదో ఎవరు చెప్పవలెను? ఆ రెండును ఎరిగినవారే. మన కళాశాలలో ఒకే గదిలో ఒకరు కుడినుండి, ఒకరు ఎడమనుండి వ్రాయుచున్నారు. బెంగుళూరులోని పెద్ద సంస్థలు వెదకి వెదకి జీతమిచ్చి తెచ్చుకొను నేర్పు ఇది. దీనిని మనము పరీక్షకు మాత్రము వాడుచున్నాము.

పాలకవర్గమువారికి ఈ విషయమున ఒక మనవి. మన వార్షిక సంచికల పాత ప్రతులలో ఉర్దూ పుటలును తెలుగు పుటలును కలవు. వానిని అచ్చుబొమ్మలుగ గాక, వెదకుటకు వీలగు అక్షరములుగ, యూనికోడ్‌లో ఎక్కించు పనిని డిగ్రీ విద్యార్థులకు అప్పగింపవచ్చును. ఒకరు ఎక్కించినదానిని మరియొకరు మూలముతో పోల్చి దిద్దవలెను. ఎవరు ఎక్కించినదియు, ఎవరు దిద్దినదియు, ఎన్ని తప్పులు దొరకినవియు ఒక పుస్తకమున తేదీతో వ్రాయవలెను. రెండు కంప్యూటరులు, ఉర్దూ విభాగమున ఒక అధ్యాపకులు, తెలుగు విభాగమున ఒకరు ఉన్నచో వేసవి సెలవులలోనే మొదలిడవచ్చును. తిత్లీ వచ్చిన సంవత్సరపు సంచికతో ఆరంభించినచో బాగుండునని మా సూచన.